ఓడ అడుగున జింకు దిమ్మ: ఒక రక్షణ పద్ధతి పుట్టుపూర్వోత్తరాలు

సముద్రంలో తిరిగే ఉక్కు ఓడల అడుగుభాగానికి, చుక్కాని చుట్టూ, జింకు లేదా అల్యూమినియం మిశ్రమలోహపు దిమ్మలను బిగిస్తారు. ఉక్కుకు బదులు తాము కరిగిపోతూ దాన్ని కాపాడే ఈ దిమ్మలకు బలి ఆనోడ్లని పేరు. నేడు ఉక్కుకు అండగా ఉన్న ఈ పద్ధతి మొదట రాగి కోసం పుట్టింది.

కలపను తొలిచే ఓడపురుగుల నుంచి కొయ్య ఓడలను కాపాడేందుకు బ్రిటిష్ నౌకాదళం 1761లో అలారం అనే యుద్ధనౌకకు రాగి రేకులు తొడిగించింది. వెస్టిండీస్ వెళ్లివచ్చిన ఆ ఓడను 1763లో పరీక్షించగా, రాగిని తాకుతున్న ఇనుప మేకులను తుప్పు బాగా తినేసినట్లు తేలింది. రేకులకు చుట్టి వచ్చిన కాగితం ఊడకుండా మధ్యలో మిగిలినచోట మాత్రం మేకులు చెక్కుచెదరలేదు. దీనికి కారణం ఉంది: రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో ఒకదాన్నొకటి తాకితే విద్యుత్ ఘటం ఏర్పడి, ఎలక్ట్రాన్లను సులువుగా వదులుకునే లోహం కరుగుతుంది. ఈ వివరణకు దారి తీసింది 1800లో శాస్త్రవేత్త వోల్టా ప్రకటించిన విద్యుత్ ఘటం.

మేకులను చెరిచిన ఆ ధర్మాన్నే రక్షణకు వాడినవాడు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. రాగి రేకులు త్వరగా పాడవుతున్నాయని నౌకాదళం రాయల్ సొసైటీ సాయం కోరగా, బఠానీ గింజంత జింకు ముక్క 40, 50 చదరపు అంగుళాల రాగిని కాపాడగలదని ఆయన 1824లో తేల్చాడు. కొచ్చిన్‌లో నిర్మించిన సమరాంగ్ నౌకకు ఆ ఏడాదే పోత ఇనుప దిమ్మలు అమర్చారు. ప్రయోగాల్లో రాగి నిలిచింది గాని, అది కరుగుతూ నీటిలోకి వదిలే లవణాలే ఓడను సముద్రజీవుల నుంచి కాపాడుతుండేవి కనుక, రక్షణ పొందిన రేకులపై గుల్లజీవులు, నాచు పేరుకుని ఓడల వేగం తగ్గింది. నౌకాదళం ఆ దిమ్మలను తీయించింది. లోహాన్ని క్షయం నుంచి కాపాడేముందు అది చేస్తున్న పనిని అర్థం చేసుకోవాలన్న విలువైన పాఠం అలా దక్కింది.

ఇనుప, ఉక్కు ఓడలు వచ్చాక డేవీ సూత్రానికి తగిన చోటు దొరికినా, కొత్త చిక్కు ఎదురైంది: జింకులో ఇనుము మలినంగా ఏ కొంచెం ఎక్కువైనా, దిమ్మపై గట్టి పొర కట్టి రక్షణ ఆగిపోయేది. అందుకే శుద్ధిచేసిన జింకుతో మిశ్రమలోహాలు తయారయ్యాయి. అల్యూమినియంపైనా సహజంగా ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది కనుక, ఆ పొర నిలవకుండా జింకు, లేశమాత్రం ఇండియం కలుపుతారు. ఒక లోహం నిలవాలంటే మరొకటి ఎడతెగకుండా, సమంగా కరగాలి. ఆ కరుగుదలను అదుపులో ఉంచే మిశ్రమాన్ని కనుగొనడమే ఈ పరిశోధనలో అసలైన నేర్పు.