అడవి గేదెకు అండగా చట్టం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు అడవి గేదె. మన ఏజెన్సీ అడవుల్లో కనిపించే అడవిదున్న వేరు, ఇది వేరు. మన పెంపుడు గేదెలకు పూర్వీకులు ఇవే. మధ్య భారతంలో వీటికి మిగిలిన కొద్దిపాటి ఆశ్రయాలలో బస్తర్ ప్రాంతపు ఇంద్రావతి లోయ ఒకటి. ఇంత అరుదైన జంతువుకు చట్టం ఎలా అండగా నిలిచిందో చూద్దాం.

1912లో బ్రిటిష్ ప్రభుత్వం అడవి పక్షులు, జంతువుల రక్షణకు ఒక చట్టం చేసింది. ఆ జాబితాలో గేదె కూడా ఉంది. అయితే అది ఏడాదిలో కొన్ని నెలలు వేటను ఆపిందేగాని, ఆ జంతువు బతికే అడవిని కాపాడలేదు. పైగా 1948 వరకూ బస్తర్ ఒక సంస్థానం.

స్వాతంత్ర్యం వచ్చాక వన్యప్రాణుల విషయం రాష్ట్రాల అధికారంలో ఉండేది. కనుక దేశానికంతటికీ ఒకే చట్టం కావాలంటే రాష్ట్రాలే పార్లమెంటును కోరాలి. అలా తీర్మానాలు చేసిన 11 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, అప్పట్లో బస్తర్ ఉన్న మధ్యప్రదేశ్ కూడా ఉన్నాయి. ఫలితమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. అడవి గేదె దాని మొదటి షెడ్యూలులో చేరింది. అంటే అత్యున్నత రక్షణ అన్నమాట. జాతీయ పార్కులు, అభయారణ్యాల ద్వారా నివాసానికీ రక్షణ దొరికింది. ఇంద్రావతి 1981లో జాతీయ పార్కు, 1983లో పులుల సంరక్షణ కేంద్రం అయింది.

వేట ఆగితే చాలునా? చాలదు. ఊరి పశువుల నుండి అడవి గేదెలకు అంటువ్యాధులు సోకుతాయి. పెంపుడు గేదెలతో కలిస్తే జాతి లక్షణాలే మారిపోతాయి. అందుకే 1991 సవరణ, అభయారణ్యం లోపలా, దానికి 5 కిలోమీటర్ల లోపునా ఉన్న పశువులకు టీకాలు వేయించే బాధ్యతను అటవీ అధికారులపై పెట్టింది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఈ రెండు జాతులూ కలవకుండా వెంటనే చర్యలు తీసుకోవాలని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఉదంతితో పాటు బస్తర్ ప్రాంతంలోని పామెడ్, భైరంగఢ్ అభయారణ్యాలలో పరిశోధన, పర్యవేక్షణ జరపాలని కూడా చెప్పింది. చట్టమే లేకపోతే కోర్టు దేని ఆధారంగా అడుగుతుంది?

ఆ అడవుల్లో తరతరాలుగా గోండు ప్రజలూ ఉన్నారని మరువకండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, వన్యప్రాణుల కోసమైనా సరే, వారి హక్కులు తేల్చకుండా, గ్రామసభ సమ్మతి లేకుండా వారిని కదిలించరాదు. ఈ రెండు చట్టాలూ కలిసి అమలైన చోటే అడవి గేదెకు భవిష్యత్తు ఉంటుంది. ఎందుకంటే, మంద ఎటు వెళ్లిందో అందరికన్నా ముందు తెలిసేది ఆ ఊరివాళ్లకే.