తలల లెక్క, నీళ్ల లెక్క

జనం పెరిగితే నీళ్లు తరుగుతాయన్నది అందరూ అనే మాట. మహబూబాబాద్ జిల్లా తొర్రూరు చుట్టుపక్కల చరిత్ర తిరగేస్తే అందులో సగమే నిజమని తేలుతుంది.

ఇక్కడ నేల కింద గట్టి రాయి. వానాకాలంలో ఆపుకున్న నీళ్లే ఏడాదంతా ఆధారం. అందుకే కాకతీయులు చెరువుల మీద అంత మనసు పెట్టారు. గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో కట్టించిన బయ్యారం చెరువు ఈ జిల్లాలోనే ఉంది. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేది. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంత పారాలో నీరటి చూసుకునేవాడు. నిజాం కాలపు లెక్కల్లో వానాకాలం వరి ఆబీ, యాసంగి వరి తాబీ. చెరువులో నీళ్లు మిగిలితేనే తాబీ.

జనం లెక్క కూడా అప్పట్లో ఒకే తీరుగా పెరగలేదు. హైదరాబాద్ రాష్ట్ర జనాభా 1911లో సుమారు కోటీ 33 లక్షలు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా దెబ్బ తర్వాత 1921కి కోటీ 24 లక్షలకు పడిపోయింది. 1951కి కోటీ 86 లక్షలయింది. అయినా ఆనాటి పేదవాడి ఆకలికి పెద్ద కారణం భూమి కొందరి గుప్పిట్లో ఉండటమే. భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనం మీద పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తిరగబడింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ఆ దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు బలయ్యాడు.

అసలు మలుపు మోట పోయి మోటారు రావడం. మోటబావి దగ్గర జత ఎడ్లు వాలులో కిందికి నడిస్తే మోట పైకొచ్చి కాలువలో నీళ్లు కుమ్మరించేది. ఎడ్లు అలిసితే ఆ పూటకు తోడటం ఆగేది. ఆయిల్ ఇంజన్, కరెంటు మోటారు ఆ హద్దును చెరిపేశాయి. బోరు ఇంకా లోతుకు దిగింది. చెరువు ఊరందరిది, బోరు ఎవరిది వారిదే. దాంతో నీరటి మాటకు విలువ తగ్గింది, చెరువులు పూడిపోయాయి. 2002లో భూగర్భజలాల తోడకానికి హద్దులు పెట్టే వాల్టా చట్టం వచ్చింది, 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటూ వచ్చింది. ఒకటి తోడొద్దంటే, రెండోది తోడుకోమంది.

తర్వాత శ్రీరాంసాగర్ రెండో దశ కాలువలు, దేవాదుల ఎత్తిపోతలు గోదావరి నీళ్లను ఇటు మళ్లించాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతకు పూనుకుంది. నీళ్లు కనబడగానే యాసంగి వరి విస్తరించింది.

2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. తెలంగాణలో మాత్రం 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున 1.8 మంది పిల్లలే. తలల పెరుగుదల నెమ్మదించినా నీళ్ల వాడకం దానంతటదే తగ్గదు. చెరువు మట్టం చూసి తాబీ ఒప్పుకున్న పద్ధతినే బావులకూ బోర్లకూ తేవాలి: వానలు వెనకబట్టాక ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లకు సరిపడా వరి ఎన్నెకరాలో తేల్చుకోవాలి.