కుటుంబ వలస: వాషింగ్టన్ చట్టం, ఢిల్లీ తీర్పు, తెలుగు ఇళ్లు

డయాస్పోరా అనగానే మన నోట్సులో మూడే మాటలుంటాయి: రెమిటెన్సులు, సాఫ్ట్ పవర్, మేధో వలస. అసలు ఒక దేశంలో మనవాళ్లు సమాజంగా ఎలా ఏర్పడతారన్న ప్రశ్న మనం వేసుకోం. పని కోసం మనిషిని రానివ్వడం ఏ ప్రభుత్వానికైనా తేలికే. అతని భార్యాపిల్లల్ని, తోబుట్టువుల్ని రానిస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

కోమగట మారు (1914) మనందరికీ తెలుసు. అంతకు ముందే కెనడాలో భార్యల కోసం జరిగిన పోరాటం పాఠ్యపుస్తకాల్లో కనబడదు. 1908 నాటి 'నిరంతర ప్రయాణం' నిబంధన వల్ల అక్కడి సిక్కు కార్మికులు తమ కుటుంబాలను తెచ్చుకోలేకపోయారు. 1912లో భాగ్ సింగ్, బల్వంత్ సింగ్ భార్యాబిడ్డలతో వాంకూవర్‌లో దిగితే మగవాళ్లను రానిచ్చి, ఆడవాళ్లను, పిల్లలను వెనక్కి పంపాలని ఆదేశించారు. చివరకు వారిని ఉండనిచ్చారు, అయితే అది హక్కు కాదని, దయతో ఇచ్చిన మినహాయింపని చెప్పారు. భార్యను, మైనర్ పిల్లలను తెచ్చుకునే వీలు 1918 ఇంపీరియల్ వార్ కాన్ఫరెన్స్ తీర్మానం తర్వాత, 1919లో వచ్చింది.

అమెరికా ఇంకా కఠినం. 1923 భగత్ సింగ్ థింద్ తీర్పుతో భారతీయులు పౌరసత్వానికి అనర్హులయ్యారు. 1924 చట్టం అలాంటి అనర్హులకు వలస తలుపులే మూసేసింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ దశాబ్దంలో బోస్టన్ వెళ్లి, తిరిగి రాకుండానే 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. ఆయన భార్య ఇక్కడే ఉండిపోయారు. దానికి చట్టం ఒక్కటే కారణం అనలేం గానీ, ఆ కాలంలో అక్కడి భారతీయుడికి కుటుంబాన్ని పిలిపించుకునే దారి లేదన్నది నిజం. 1946 లూస్-సెల్లర్ చట్టం పౌరసత్వ అర్హత ఇచ్చింది, భారతదేశానికి ఏడాదికి 100 మంది కోటా కూడా ఇచ్చింది. దేశం మొత్తానికి వంద!

1965 అక్టోబర్ 3న జాన్సన్ సంతకం చేసిన హార్ట్-సెల్లర్ చట్టంతో కథ మలుపు తిరిగింది. ప్రభుత్వం మొదట తెచ్చిన బిల్లులో సగం వీసాలు నైపుణ్యానికే. ఒహాయో సభ్యుడు మైఖేల్ ఫైగన్ పట్టుబట్టి ఆ క్రమాన్ని తిరగేసి, కుటుంబాన్ని ముందుకు తెచ్చాడు. కారణం కుటుంబ ప్రేమ కాదు. అప్పటికే ఉన్న జనం తమ బంధువుల్నే పిలుస్తారు, ఉన్నవాళ్లలో అత్యధికులు ఐరోపా సంతతివాళ్లు, కాబట్టి దేశం రంగు మారదని లెక్క. చివరి చట్టంలో ప్రాధాన్య వీసాల్లో 74 శాతం కుటుంబానికి వెళ్లాయి, అందులో పౌరుల తోబుట్టువులకే 24 శాతం. వృత్తి నిపుణులకు దక్కింది 10 శాతం.

ఆ లెక్క తప్పడానికి ఆ 10 శాతమే చాలింది. విశాఖ, గుంటూరు, హైదరాబాద్ వైద్య కళాశాలల పట్టభద్రులు, ఇంజినీర్లు ఆ సందులోంచి వెళ్లి, స్థిరపడి, పౌరులై అన్నదమ్ములకు అర్జీ పెట్టారు. ఐరోపా అప్పటికి సంపన్నమైంది, అక్కడివారికి వలస అవసరం తగ్గింది. గోడగా కట్టిన నిబంధనే ద్వారమైంది. 1976లో విదేశీ వైద్యుల రాకను అమెరికా బిగించాక కుటుంబ మార్గం విలువ ఇంకా పెరిగింది. తానా తొలి మహాసభ న్యూయార్క్‌లో జరిగింది 1977లో.

అక్కడ తలుపు తెరిస్తే సరిపోదు, ఇక్కడ పాస్‌పోర్టు కావాలి. అప్పట్లో అది పూర్తిగా ప్రభుత్వ ఇష్టం. సత్వంత్ సింగ్ సాహ్నీ వర్సెస్ డి. రామరత్నం కేసులో ప్రతివాది న్యూఢిల్లీ పాస్‌పోర్టు అధికారే. 1967 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 3:2 మెజారిటీతో, విదేశాలకు వెళ్లే హక్కు 21వ అధికరణలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని చెప్పింది. ఆ తీర్పు రాసింది రాజమండ్రికి చెందిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. మేనకా గాంధీ (1978) రాసేటప్పుడు దీన్ని వదిలేయకండి, పునాది ఇదే.

ఇక ఇప్పటి సంగతి. అమెరికా పౌరుడి భార్య లేదా భర్త, మైనర్ పిల్లలు, తల్లిదండ్రులకు సంఖ్యా పరిమితి లేదు. గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే జీవిత భాగస్వామిని, పెళ్లికాని పిల్లల్ని పిలవొచ్చు గానీ అమ్మానాన్నలను పిలవలేరు. బాబాయి, మేనత్త ఆ చట్టం దృష్టిలో కుటుంబమే కారు. తోబుట్టువుల విభాగం ఎఫ్-4. 1990 చట్టం ప్రకారం దానికి ప్రపంచం మొత్తానికి ఏటా 65,000 వీసాలు, ఏ దేశానికైనా 7 శాతం పరిమితి. జనాభా ఎంతైనా ఐస్‌లాండ్‌కీ మనకీ ఒకే పరిమితి. ఇది సమానత్వమా అన్నది ఎస్సే పేపర్‌కు మంచి ప్రశ్న. నా మటుకు, సమానంగా కనిపించే అసమానత్వమే. ఈ విభాగాన్నే ఎత్తేయాలని 2013 సెనేట్ బిల్లు, 2017 రైజ్ బిల్లు ప్రతిపాదించాయి. రెండూ చట్టాలు కాలేదు.

2025 వీసా బులెటిన్లలో భారత ఎఫ్-4 తేదీ ఇంకా 2006లోనే ఉంది. అంటే అన్న అర్జీ పెట్టిననాడు తమ్ముడి కొడుకు మూడేళ్లవాడైతే, వీసా వచ్చేసరికి వాడికి 21 దాటుతుంది. 2002 నాటి బాలల హోదా రక్షణ చట్టం ఆ వయసులోంచి అర్జీ పరిశీలనలో గడిచిన కాలాన్ని మాత్రమే తీసేస్తుంది, వరుసలో నిలబడ్డ ఏళ్లను కాదు. అలా వయసు దాటిన పిల్లలు పాత తేదీని నిలుపుకోలేరని 2014లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. తమ్ముడు, మరదలు విమానం ఎక్కవచ్చు. కొడుకు ఇక్కడే ఉండాలి, తండ్రికి గ్రీన్ కార్డు వచ్చాక పెట్టే కొత్త అర్జీ కోసం.