పెండ్లికి గ్రీకుల మాట

ఒక్క క్రియాపదములో ఒక సంఘము యొక్క నడవడి ఎట్లు ఇమిడియుండునో తెలియుటకు ప్రాచీన గ్రీకుభాష చక్కని నిదర్శనము. ఆ భాషలో పెండ్లికి ‘గామోస్’ అని పేరు. పెండ్లాడుటకు ‘గమేఓ’ అని క్రియ. ఏథెన్సువారి పలుకుబడిలో చివరి అచ్చులు కలిసి ‘గమో’ అయినది. ‘పెండ్లాడుచున్నాను’, ‘పెండ్లాడుదును’ అను రెండర్థములకును వారికి ఈ రూపమే చాలెను. ‘పెండ్లాడితిని’ అనుటకు ‘ఎగేమ’ అందురు.

అయితే ఇవి పురుషుని నోటి మాటలు. సంస్కృతము చదివినవారు పరస్మైపద, ఆత్మనేపద భేదము నెరుగుదురు గదా! గ్రీకునందును అట్టి భేదము కలదు. పురుషునికి మొదటిది, స్త్రీకి రెండవది. ఆమె ‘గమూమై’ అనవలెను; జరిగినదానికి ‘ఎగేమమేన్’ అనవలెను. అతడు ఒకతెను పెండ్లాడును; ఆమె ఒకనికి తన్ను ఇచ్చుకొనును. మన ‘పెండ్లాడెను’ ఇరువురికిని చెల్లును. వారి మాట చెల్లదు.

‘ఒడిస్సీ’ రెండవ సర్గములో పెనెలోపిని కోరి వచ్చినవారిలో ఒకడు ఆమె కుమారునితో, తల్లిని పుట్టినింటికి పంపుమనియు, తండ్రి చెప్పినవానిని ఆమె వరించవలెననియు పలుకును. అచ్చట వాడినది ఈ ఆత్మనేపద రూపమే. ఏథెన్సులో ‘ఎంగ్యే’ అను వివాహనిశ్చయము కన్య తండ్రికిని వరునికిని నడుమ జరిగెడిది. కన్య సమ్మతిని చట్టము కోరలేదు.

ఈ కట్టుబాటు నెరిగినవాడగుటచేతనే యూరిపిడీసు దానిని ఆయుధముగా మలచెను. క్రీ. పూ. 431లో ప్రదర్శింపబడిన ‘మెడేయా’ నాటకములో జేసను భార్యను విడిచి కోరింథు రాజకుమారిని చేపట్టును. పైగా, ఈ దుర్దశ నీవు తెచ్చుకొన్నదే యనును. అందుకు మెడేయా, తానే మరియొకతెను పెండ్లాడి అతనిని వంచించినదా యని ఎత్తిపొడుచును. అచ్చట ఆమె తన విషయమున వాడినది పురుషుల క్రియారూపము! ఒక్క ప్రత్యయముతో నేరము ఎవరిదో తేలిపోయినది. ప్రేక్షకులకు వేరు వ్యాఖ్యానముతో పనిలేదు.

కాలక్రమమున ఈ హద్దు సడలెను. క్రీ. శ. మొదటి శతాబ్దినాటి క్రొత్త నిబంధనలో, మార్కు సువార్త పదియవ అధ్యాయమునందును, కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి లేఖయందును, స్త్రీకి సయితము ‘పెండ్లాడు’ అను పురుషరూపమే కానవచ్చును.

నేటి జీవశాస్త్రములో స్త్రీపురుష బీజకణములు రెంటికిని ‘గామీటు’ అనియే పేరు. అదియు ఈ ధాతువునుండి పుట్టినదే. వ్యాకరణమన వట్టి వల్లెవేత యని తలంచువారు, ఒక చిన్న ప్రత్యయము ఎవరికి కర్తృత్వమిచ్చి ఎవరికి నిరాకరించినదో గమనింతురుగాక యని మా మనవి.