అంకెలు నడిపిన కోతయంత్రము

హెలికాప్టరు రెక్కను అడ్డముగా కోసి చూస్తే ఒక వంపుగీత కనిపిస్తుంది. ఆ వంపు తప్పితే రెక్కకు గాలిపట్టు చెడుతుంది. 1940 దశకములో, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రపు ట్రావర్స్ సిటీలో ఇట్టి రెక్కలు తయారుచేసిన జాన్ పార్సన్స్‌కు, వంపును సరిచూచే లోహపు పలకలను కోయించుట పెద్ద చిక్కైనది. గీత మీద 17 బిందువులు మాత్రమే ఇచ్చి, వంగే బద్దతో కలుపుకొమ్మనేవారు. మధ్యలోని వంపు పనివాని చేతివాటమే!

ఆయన వద్ద ఇంజనీరైన ఫ్రాంక్ స్టూలెన్, రంధ్రముల కార్డులతో పనిచేసే ఐ.బి.ఎం. యంత్రముచేత 200 బిందువులను లెక్కకట్టించినాడు. ఒకడు అంకెలు చదువుతూంటే, ఇద్దరు చెరియొక చక్రము త్రిప్పి ఒక్కొక్క బిందువు వద్ద కోసేవారు. మిగిలిన గరుకును ఆకురాయితో తీసేవారు. ఈ అంకెలను యంత్రమునకే వినిపించరాదా అన్నది పార్సన్స్ ఊహ.

1949లో అమెరికా వైమానికదళము సొమ్మిచ్చినది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని ప్రయోగశాల, 1952లో ఒక మిల్లింగు యంత్రమును మూడు దిక్కులలోను రంధ్రముల టేపుతో నడిపి చూపినది. ఆజ్ఞలిచ్చే పెట్టెలో వందలకొద్దీ వాల్వులు. అంత ఖరీదు పెట్టగల కార్ఖానాలు అరుదు. ప్రభుత్వమే చాలవరకు సొమ్ము భరించవలసి వచ్చినది.

1971లో మైక్రోప్రాసెసరు వెలువడిన పిమ్మట ఆ పెట్టె క్రమముగా అరచేతిలో ఇమిడే పలక అయినది. అందువల్లనే నేడు చిన్న వర్క్‌షాపులు కూడ సి.ఎన్.సి. యంత్రము కొనగలుగుతున్నవి. అయితే చౌకైనది మెదడు. ఇనుముకు, మంచి మరకడ్డీకి ఇప్పటికీ వెల పెట్టవలసినదే.

లెక్క చూడండి. సాధారణపు స్టెప్పరు మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. చుట్టుకు 5 మి.మీ. జరిపే మరకడ్డీకి తగిలిస్తే, ఒక అడుగు 0.025 మి.మీ. అమ్మేవారు ఈ అంకెనే గొప్పగా చూపుతారు. కాని కడ్డీకి, నట్టుకు నడుమ 0.1 మి.మీ. వదులున్నదనుకొందాము. దిక్కు మారిన ప్రతిసారి నాలుగు అడుగులు వృథా; కోసిన వృత్తము గుండ్రముగా రాదు.

చట్రము మాట ఇంకను ముఖ్యము. దూలము మందమును రెట్టింపు చేస్తే, అదే బలమునకు అది వంగేది ఎనిమిదవ వంతే. కొయ్య చెక్కుటకు చేసిన పలుచని చట్రము అల్యూమినియమును పొరలుపొరలుగా తీయగలదు గాని, ఉక్కు తగిలితే వణుకుతుంది. కట్టరు అంచు విరుగుతుంది. తెలిసినవారు ముందు యంత్రము బరువు అడుగుతారు. డయలు గేజి ఆనించి, బల్లను చేతితో ముందుకు వెనుకకు నెట్టి వదులు కొలుస్తారు. కంప్యూటరు ఊసు ఆ తరువాతనే.