పసివారి మెదడుకాండములోని కంతులు – ఆనవాళ్లను గుర్తించిన చరిత్ర

రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో, సింధనూరునుండి రాయచూరునకు పోవు రహదారిపై జవళగేర యను గ్రామము కలదు. అచ్చటి విశాలమైన ప్రభుత్వ విత్తనక్షేత్రము వలన ఆ పేరు రైతులోకమునకు సుపరిచితము. 1953లో తుంగభద్ర జలాశయపు నీరు కాలువలకు విడువబడిన పిదప కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల తెలుగు రైతులు అనేకులు ఈ తాలూకాకు వలసవచ్చి, మెట్టభూములను చదునుచేసి, మళ్లు కట్టి, వరి పండించిరి. వారు కాపురమున్న పల్లెలకు నేటికిని ‘క్యాంపు’ అనియే వ్యవహారము.

1956 నవంబరు 1వ తేది వరకు రాయచూరు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ దినమున అది మైసూరు రాష్ట్రమున చేరెను. ఆ రాష్ట్రమునకు 1973లో కర్ణాటకమని పేరు వచ్చినది. నాటినుండి ఇచ్చటి తెలుగు కుటుంబమున ఎవరికైనను పెద్ద జబ్బు చేసినచో, హైదరాబాదునకు పోవుటయా, బెంగుళూరునకు పోవుటయా యను ఆలోచన కలుగుచునే యున్నది. దారి ఏదైనను, ప్రయాణమునకు ముందు ఇంటిలోనే జరుగవలసిన పని యొకటి కలదు. అది జబ్బును అనుమానించుట. పసివారి మెదడుకాండములో పుట్టు కంతుల విషయమున ఈ పని ఎంత ముఖ్యమైనదో, ఆ వ్యాధిని వైద్యలోకము గుర్తించిన చరిత్రయే తెలుపుచున్నది.

1. అవయవ పరిచయము

మెదడును వెన్నుపాముతో కలుపు భాగమే మెదడుకాండము. దీనిలో పైనుండి క్రిందికి నడిమి మెదడు, పాన్స్, మెడుల్లా యని మూడు భాగములు. వీనిలో పాన్సును 1573లో ముద్రితమైన తన గ్రంథమున వర్ణించినవాడు ఇటలీ దేశీయుడగు కాన్‌స్టాంజో వరోలియో. లాటిను భాషలో ఆ పదమునకు వంతెన యని అర్థము. చిన్నమెదడు రెండు పార్శ్వములను కలుపు వంతెనవలె కనబడుటచే దానికా పేరు కలిగెను.

మెదడునుండి బయలుదేరు పండ్రెండు జతల కపాలనాడులలో పది జతలు ఈ కాండమునకు సంబంధించినవి. కన్ను త్రిప్పుట, ముఖమును కదల్చుట, నమలుట, మ్రింగుట, మాటాడుట – ఇవి యన్నియు వాని పనులు. కాలుసేతులను కదల్చు నాడీమార్గములు కూడ ఈ యిరుకు దారిగుండనే క్రిందికి దిగును. శ్వాసను, గుండె వేగమును నడుపు కేంద్రములును ఇచ్చటనే కలవు. కావున మెదడులో మరియొక చోట కొంతకాలము మరుగున నుండగల చిన్న కంతి, ఇచ్చట పుట్టినచో త్వరలోనే అనేక క్రియలను చెరచును. ఈ వ్యాధి లక్షణములు ఒకదానివెంట ఒకటి వచ్చుటకు కారణమిదియే.

2. లక్షణమునుండి స్థానమునకు

మూతి వంకరపోవుట, మాట తడబడుట మొదలగు చిహ్నములను ఆయుర్వేద గ్రంథములు ‘అర్దితము’ అను పేర వాతవ్యాధులలో చేర్చి వర్ణించినవి. ప్రాచీనులు లక్షణమును చక్కగా కనిపెట్టిరి. కాని అది మెదడులో ఏ చోటినుండి పుట్టుచున్నదో నిర్ణయించు సాధనము వారికి లేకుండెను.

ఆ నిర్ణయము పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున ఆరంభమైనది. 1856లో అడాల్ఫ్ గుబ్లెర్ అను వైద్యుడు ముఖమున ఒక ప్రక్కయు, కాలుసేతులలో దానికి ఎదుటి ప్రక్కయు చచ్చుపడిన రోగులను గూర్చి వ్రాసి, అట్టి వ్యత్యస్త పక్షవాతమునకు మూలము పాన్సులో నుండునని చూపెను. 1858లో ఫోవిల్, కంటిచూపు ఒక ప్రక్కకు తిరుగలేకపోవుటను దీనికి జోడించెను. 1863లో హెర్మన్ వెబెర్ నడిమి మెదడునకు సంబంధించిన లక్షణములను వివరించెను. అనగా, మెదడును లోపల చూచు యంత్రమేదియు లేని కాలముననే, కన్నును, మూతిని, నడకను కలిపి చూచిన వైద్యుడు జబ్బు స్థానమును చెప్పగలిగెను. ఈ మూడింటిని కలిపి చూచుటయే నేటికిని ఈ వ్యాధిని అనుమానించుటకు మూలసూత్రము.

1851లో హెల్మ్‌హోల్జ్ నిర్మించిన నేత్రదర్శినితో కంటి వెనుక నాడి వాపును చూచి, మెదడులో ఒత్తిడి పెరిగినదని తెలిసికొనుట సాధ్యమయ్యెను. అయినను పాన్సులోని కంతులలో ఆ వాపు తరచుగా ఆలస్యముగనే కనబడును. కావున ఆ వాపు లేదని ధైర్యపడుటకు వీలులేదు.

1926లో ఈ చరిత్ర మరియొక మెట్టు ఎక్కినది. ఆ యేట లండనులో విల్‌ఫ్రెడ్ హారిస్ పాన్సులోని గ్లియోమా యను కంతిగల రోగిని గూర్చి ఒక పత్రమును ప్రకటించెను. అదే యేట అమెరికాలో బెయిలీ, కుషింగులు గ్లియోమా కంతులను కణముల స్వభావమునుబట్టి వర్గీకరించిరి. అంతకుముందు 1918లో వాల్టర్ డాండీ మెదడు గదులలోనికి గాలిని పంపి ఎక్స్‌రే తీయు పద్ధతిని కనిపెట్టియుండెను. పసివారికి అది మిక్కిలి బాధాకరము. అందుచే ఆ కాలపు వైద్యులు తల్లి చెప్పు వృత్తాంతమును, తమ కంటి పరీక్షను ఎక్కువగా నమ్ముకొనవలసి వచ్చెను.

3. ఒక శిశువు వృత్తాంతము

ఈ వ్యాధి ఎట్లు ఆరంభమగునో తెలుపు ప్రసిద్ధోదాహరణము చంద్రునిపై తొలుత కాలిడిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కుమార్తె కేరెన్‌ది. 1961 వేసవిలో, రెండేండ్ల ప్రాయమున, ఆ బాలిక సియాటిల్ నగరపు ఉద్యానమున ఆడుకొనుచు కాలు తడబడి పడెను. తలకు దెబ్బ తగిలి ముక్కునుండి రక్తము వచ్చెను. ఆ పిదప ఆమె కనుచూపు సరిగా నిలుచుట లేదని తల్లి గమనించెను. తరువాత తడబాటును ఎక్కువయ్యెను. పరీక్షలలో పాన్సునందు కంతి కలదని తేలెను.

ఎక్స్‌రే కిరణ చికిత్సతో ఆమె కొంత కోలుకొని, మరల నడువనేర్చెను. ఆ తెరపి కొద్ది నెలలే నిలిచినది. 1962 జనవరి 28న, మూడేండ్లు నిండకయే ఆమె కన్నుమూసెను. ఆ యేడే సెప్టెంబరులో ఆర్మ్‌స్ట్రాంగ్ వ్యోమగాముల బృందమున చేరెను.

ఈ వృత్తాంతమున గమనింపదగినవి రెండు. పిల్ల పడినదని దెబ్బకే దృష్టి పోవుట సహజము. ఇట్టి జబ్బులో దెబ్బ కారణము కాదు, తడబాటే జబ్బునకు తొలి చిహ్నము కావచ్చును. రెండవది, చికిత్సతో కొంతకాలము కలుగు మేలు నిజమైనదే యైనను, దానిని పూర్తి స్వస్థతగా భావింపరాదు.

4. యంత్రములును వైద్యాలయములును

జవళగేర ప్రాంతమునకు కాలువనీరు వచ్చిన కాలముననే దక్షిణ భారతమున మెదడు శస్త్రవైద్యము వేరూనుచుండెను. 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జేకబ్ చాందీ ఈ శాఖను స్థాపించెను. మదరాసులో బి. రామమూర్తియు, విశాఖపట్టణమున బాలపరమేశ్వరరావును దానికి పునాదులు వేసిరి. 1961లో బళ్లారిలో వైద్య కళాశాల ఏర్పడెను. 1974లో బెంగుళూరున నిమ్‌హాన్స్ సంస్థ రూపొందెను. రాయచూరులోనే వైద్య విజ్ఞాన సంస్థ 2007లో వెలసినది. క్యాంపులలో స్థిరపడిన తొలి తరమువారు వెల్లూరునకో మదరాసునకో పోవలసియుండగా, నేటి తరమునకు తొలి పరీక్ష జిల్లా కేంద్రముననే లభించుచున్నది.

1971 అక్టోబరు 1న లండనులో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రముతో మొదటి రోగి మెదడు చిత్రము తీయబడెను. 1980 తరువాత ఎం.ఆర్.ఐ. వ్యాప్తిలోనికి వచ్చి, కపాలపు అడుగుభాగమున నుండు పాన్సును స్పష్టముగా చూపెను. ఈ భాగమును చూచుటకు సి.టి. కన్న ఎం.ఆర్.ఐ. శ్రేష్ఠము, సి.టి.లో చిన్న కంతి కనబడకపోవచ్చును.

1969లో బోస్టనులోని డొనాల్డ్ మాట్సన్, మెదడుకాండపు కంతులు తాము పుట్టిన చోటు వలననే శస్త్రసాధ్యములు కావని వ్రాసియుండెను. 1980 తరువాత ఫ్రెడ్ ఎప్‌స్టీన్ మొదలగువారు ఈ కంతులన్నియు ఒకటి కావని నిరూపించిరి. కొన్ని ఒకచోటనే నిలిచి మెల్లగా పెరుగును. కొన్ని కాండమునుండి వెలికి పొడుచుకొని వచ్చును. ఇట్టివానిని శస్త్రచికిత్సచే తీయుటకో, ఏండ్లతరబడి అదుపులో నుంచుటకో వీలగును. పాన్సంతట వ్యాపించునది మాత్రమే మిక్కిలి కఠినమైనది. కాండపు కంతులలో అధిక సంఖ్యాకములును అవియే. దానికి కిరణ చికిత్సయే నేటికిని ముఖ్యాధారము. అయినను అది సోకిన బిడ్డలలో ఎక్కువమంది ఒక సంవత్సరములోపే మరణించుచున్నారు; రెండేండ్లు దాటువారు నూటికి పదిమంది యుండరు.

2012లో ఈ కంతుల కణములందు హిస్టోన్ అను ప్రోటీనునకు సంబంధించిన జన్యువులో ఒక ప్రత్యేకమైన మార్పు కలదని కనుగొనబడెను. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని బట్టి ఈ వ్యాధికి క్రొత్త పేరు పెట్టెను. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ డోర్డావిప్రోన్ అను మందును, చికిత్స పిమ్మట మరల పెరిగిన ఇట్టి కంతులకు త్వరిత పద్ధతిలో అనుమతించినది. ఇది స్వస్థత కాదు. పరిశోధన ముందునకు సాగుచున్నదనుటకు ఇది నిదర్శనము.

5. ఇంటివారు గమనింపవలసిన చిహ్నములు

ఈ వ్యాధి ఏ వయస్సునందైనను రావచ్చును గాని, అయిదు మొదలు పదేండ్ల లోపు బిడ్డలలో ఎక్కువ. వ్యాపించు కంతిలో లక్షణములు కొద్ది వారములలోనే ఒకటొకటిగా కూడును.

మొదటిది కన్ను. ఆరవ కపాలనాడి చెడుటచే కన్ను వెలుపలి ప్రక్కకు తిరుగలేక లోనికి వాలును. బిడ్డకు ఒక వస్తువు రెండుగా కనబడును. దానిని చెప్పలేని పసివాడు ఒక కన్ను మూసికొనుటయో, తల ఒక ప్రక్కకు వాల్చి చూచుటయో చేయును.

రెండవది ముఖము, గొంతు. నవ్వినప్పుడు మూతి ఒక ప్రక్కకు పోవును. నిద్రలో ఒక కన్ను పూర్తిగా మూతపడదు. చొంగ కారును. నీరు త్రాగినచో పొలమారును. మాట ముద్దగానో, ముక్కుతో పలికినట్లుగానో వినబడును.

మూడవది నడక. చక్కగా పరుగెత్తుచున్న బిడ్డ తూలుచు నడచును, తరచుగా పడును, మెట్లెక్కుటకు వెనుదీయును. ఒక చేయి బలహీనమై, పలకమీద వ్రాత చెడును.

వీనికి తోడు ప్రొద్దున లేవగనే తలనొప్పియు, వాంతియు, ఆ పిదప కొంత తెరపియు కనబడినచో మెదడు గదులలో నీరు నిలుచుచున్నదని శంకింపవలెను. అకారణముగ నవ్వుట, ఏడ్చుట, స్వభావము మారుట, బడిలో వెనుకబడుట కూడ కొందరిలో కలవు.

వీనిలో ఏ యొక్కటియు ఒంటరిగా కంతిని నిరూపింపదు. అట్టి బిడ్డలలో అధికులకు కారణము సామాన్యమైనదే యగును. క్రొత్తగా వచ్చినది, రోజురోజునకు హెచ్చునది, మరియొక చిహ్నముతో కూడినది – ఈ మూడు గుణములున్నచో మాత్రము జాగు చేయరాదు. క్రొత్తగా వచ్చిన మెల్లకన్ను ఒక్కటియే యైనను వైద్యునకు చూపవలసినదే.

6. కాలహరణమునకు కారణములు

తెలుగువారిలో మెల్లకన్ను అదృష్టమను నమ్మకము కలదు. కన్నడమున దానిని ‘మెళ్ళెగణ్ణు’ అందురు. మాట దాదాపు ఒకటియే యగుటచే జవళగేరలోని తెలుగు తల్లి కన్నడ వైద్యునకు దీనిని చెప్పుటకు భాష అడ్డురాదు. అడ్డువచ్చునది, చెప్పనవసరము లేదను భావమే. పుట్టుకనుండి యున్న మెల్ల వేరు, ఆరేండ్ల బిడ్డకు నెలరోజులలో వచ్చిన మెల్ల వేరు. అట్లే మూతి వంకరకు గాలి సోకినదనియు, తూలుటకు దిష్టి తగిలినదనియు, వాంతికి అజీర్తి యనియు వేర్వేరు కారణములు చెప్పుకొనుటచే, మూడును ఒకే బిడ్డలో ఒకే నెలలో వచ్చినవను ముఖ్యాంశము మరుగున పడును. ఒక్కొక్క చిహ్నమునకు ఒక్కొక్క వైద్యుని చూచినను ఇట్లే జరుగును.

త్వరగా గుర్తింపవలెననుటకు మరియొక బలమైన హేతువు కలదు. మన దేశమున క్షయవ్యాధి వలన మెదడుపొరల వాపు, మెదడుకాండములో క్షయగడ్డ సంభవించుట కలదు. వానిలోను ఇవే లక్షణములు కనబడవచ్చును. అవి మందులతో నయమగు వ్యాధులు. ఆలస్యమైనచో మాత్రము ప్రాణాంతకములు. కావున కంతి యేమోనను భయముచే పరీక్ష మానుకొనుట, నయమగు జబ్బును కూడ చేజార్చుకొనుటయే.

గుర్తింపు వేగమును ప్రజలే పెంపగలరనుటకు బ్రిటనులో నిదర్శనము కలదు. 2011లో అచ్చట ‘హెడ్‌స్మార్ట్’ అను ఉద్యమము పిల్లల మెదడుకంతుల లక్షణములను చిన్న పట్టికలుగ ముద్రించి తల్లిదండ్రులకును, వైద్యులకును పంచెను. అంతకుపూర్వము లక్షణము మొదలైననాటినుండి రోగనిర్ణయము వరకు సుమారు 14 వారములు పట్టుచుండగా, తరువాతి కొన్నియేండ్లలో అది 7 వారముల లోపునకు తగ్గినది.

7. ఉపసంహారము

గుబ్లెర్ కాలమునుండి నేటివరకు యంత్రములు మారినవి, పేర్లు మారినవి. మొదటి అడుగు మాత్రము మారలేదు. బిడ్డ నిన్న నడచిన నడకకు నేటి నడకకు గల భేదమును ఏ యంత్రమునకన్న ముందుగా కనిపెట్టువారు ఇంటివారే. ఆ భేదము ఏనాడు మొదలైనదో, దానివెంట ఏమేమి వచ్చినవో ఒక కాగితముపై తేదీలతో వ్రాసికొని, పాత ఛాయాచిత్రమొకటి తీసికొని వైద్యుని కడకు పోయినచో సగము పరీక్ష అప్పటికే ముగిసినట్లు.

పాన్సంతట వ్యాపించిన కంతి యని తేలినచో, త్వరగా తెలియుట వలన ప్రాణము నిలుచునని చెప్పుటకు వీలులేదు. కాని కిరణ చికిత్సతో బిడ్డ మరల నడచి, మాటాడి, నొప్పి లేక గడుపు కొన్ని నెలలు లభింపవచ్చును. వట్టి ఆశలు చూపువారి వెంట తిరిగి పొలము తాకట్టు పెట్టు దుస్థితి తప్పును. మెల్లగా పెరుగు కంతి యైనచో, లేక క్షయగడ్డ యైనచో, దక్కునది ఆ బిడ్డ జీవితమే. వీనిలో ఏది తన బిడ్డకు కలదో పరీక్షకు ముందు ఏ తల్లికిని తెలియదు. క్రొత్తగా వాలిన కన్నును చూచి, అదృష్టమని నవ్వుకొనక, మరునాడే బయలుదేరవలసిన కారణమిదియే.