శాసనాలకెక్కని చేతులు

వికారాబాదు చెంత అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, వాడపల్లి వద్ద కృష్ణలో కలిసి కడలి చేరుతుంది. ఆ నీటి దారిని తలచుకుంటే నాకు కాకతీయుల నాటి శ్రామికులు గుర్తుకు వస్తారు.

చెరువు తవ్వించినవారికి దశబంధ మాన్యం దక్కేది, శాసనంలో పేరు నిలిచేది. మన్ను తట్టలు మోసినవారి పేర్లు కనిపించడం అరుదు.

సముద్రతీరానా అదే కథ. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించి, ఇకపై సుంకమే తప్ప సరుకు ముట్టనన్నాడు. గొప్ప మాటే! కర్పూరం, చందనం, ముత్యాలపై సుంకాలు అందులో వివరంగా ఉన్నాయి. తెడ్డు వేసినవారి కూలి ఊసు లేదు.

తాండూరు నాపరాళ్ళ మీద నడిచేటప్పుడైనా, మిత్రులారా, ఆ రాయి కోసిన చేతులను ఒకసారి తలచుకుందాం.